పేర్ల పంతులు

మా చర్చికి యాభై ఏళ్లు నిండాయని ఒక చిన్న పుస్తకం వేశారు. పోయిన వారం సంఘం కుర్రవాడొకడు తెచ్చి నా చేతిలో పెట్టి, "టీచరమ్మా, మన చర్చి చరిత్రంత ఉన్నది ఇండ్ల. చదువుండ్రి" అని చెప్పి పోయాడు. అట్ట మీద చర్చి ఫోటో. లోపల పునాదిరాయి వేసిన మిషను దొర, పక్కన దొరసాని, ఆ తర్వాత వరసగా పాస్టర్లు. కళ్లద్దాలు తుడుచుకుని మొదటినుంచి చదివాను. నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మొట్టమొదటి సభ్యుల రిజిస్టరును చెదలు తిన్నాయట, అందుకని ఆనాటివాళ్ల పేర్లు ఇవ్వలేకపోయారట.

చెదలు తినలేదు. దాన్ని కాల్చారు. పేజీలు చించి ఇచ్చింది పంతులు, పొయ్యిలో పెట్టింది నేను.

ఆ పంతులు గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. తప్పు రాసినవాళ్లది కాదు. ఆయన పాస్టరు కాదు, వట్టి ఉపదేశి. వాడలో పిల్లలకు అక్షరాలు చెప్పడం, ఆదివారం ప్రార్థన నడపడం, జబ్బు చేసినవాళ్ల దగ్గర కూర్చోవడం, ఇంతే ఆయన పని. బాప్తిస్మాలకు, రొట్టె రసం ఇచ్చే బల్లకు మూణ్నెల్లకో ఆర్నెల్లకో దొర జీపులో రావాల్సిందే. మేము ఆయన్ని పంతులనే పిలిచాం. ఊరందరి పేర్లూ అడిగి రాసుకున్న మనిషిని నీ పేరేమిటని మాలో ఎవరూ అడిగిన గుర్తు లేదు. నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మాది పాలమూరు జిల్లాలో ఒక తాలూకా ఊరు. కచేరీ, ఠాణా, శనివారం అంగడి, ఊరికి దక్షిణాన గుట్ట, గుట్ట కింద మా మాదిగవాడ. రజాకార్ల గడబిడ సద్దుమణిగిన ఏడాదో రెండేళ్లకో ఆయన ఒక రేకు పెట్టె, ఒక గొడుగు పట్టుకుని మా వాడకు వచ్చాడట. గొడుగు ఎండకు కాదు, వానకు అంతకంటే కాదు. కుక్కలకు. అంత పొడుగు మనిషి చిన్న కుక్కపిల్ల మొరిగితే గొడుగు విప్పి దాని వెనక నిలబడి, "జర పట్టుకోండ్రి దాన్ని" అని బతిమాలేవాడు. పాట ఎత్తుకోవడం కూడా రాదు. మొదటి మాటే ఎంత పైన ఎత్తుకునేవాడంటే రెండో చరణానికి ఆడవాళ్లందరూ దగ్గు అందుకునేవాళ్లు.

పిరికివాడనుకుంటే పొరపాటు. అప్పట్లో ఊరి పెద్ద పట్టేలు ఇంటి ముందు నుంచి మావాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని పోవాలి. ఊరంతా తొడుక్కునే చెప్పులు కుట్టేది మేము, తొడుక్కోకూడనిదీ మేమే. పంతులు దీన్ని తిరగేశాడు. వాడలో వట్టికాళ్లతో తిరిగేవాడు, ఎవరి గుడిసె ముందుకొచ్చినా ఎలాగూ విప్పాలి కదా అని. పట్టేలు ఇంటి మలుపు రాగానే ఆగి, సంచిలోంచి మా మేనమామ కుట్టిన కిర్రు చెప్పులు తీసి తొడుక్కుని, కిర్రుకిర్రుమని ఆ ఇల్లు దాటేవాడు. దాటాక మళ్లీ విప్పి సంచిలో పెట్టుకునేవాడు. ఎందుకలా అని అడిగితే, "ఊకె తొడిగితే అరుగుతయి బిడ్డా. అవుసరమున్న కాడ తొడిగితే సాలు" అనేవాడు. పట్టేలు అరుగు మీద కూర్చుని అదంతా చూస్తూ ఉండేవాడు. ఒక్క మాట అనలేదు. అలాంటివాళ్లు అప్పటికప్పుడు ఏమీ అనరు.

చర్చి అప్పటికి లేదు. మొదట నాలుగు కొయ్యల మీద తాటాకు పందిరి. తర్వాత ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికో రాయి చొప్పున గుట్ట మీద నుంచి మోసుకొచ్చి గోడలు లేపారు. పెంకులు షాద్‌నగర్ స్టేషన్‌లో దిగితే బండ్ల మీద తెచ్చారు. ఇవన్నీ ఆ చిన్న పుస్తకంలో బాగానే రాశారు. కానీ నా దృష్టిలో మా చర్చి గోడలతో మొదలు కాలేదు, రిజిస్టరుతో మొదలయింది.

నల్ల అట్ట, ఎర్ర గుడ్డ వీపు, పొడుగాటి పుస్తకం. పంతులు దాన్ని రేకు పెట్టెలో పెట్టుకునేవాడు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల పేరు అందులో రాయాలి. దొర చెప్పింది అంతే. పంతులు మాత్రం ప్రతి పేరు పక్కనా "గారు" అని చేర్చేవాడు. పన్నెండేళ్ల పిల్లకూ గారే, మేకలు కాసేవాడికీ గారే. దొర చూసి నవ్వాడట, రిజిస్టరులో గారు అక్కర్లేదన్నాడట. పంతులు సరేనని తలూపి, దొర జీపు వాగు దాటాక మళ్లీ అలాగే రాశాడు.

మా అవ్వను ఊళ్లో అందరూ పెంటి అనేవాళ్లు. ఒసే పెంటీ అని పట్టేలు ఇంట్లోంచి కేక వస్తే చేతిలో పని వదిలి వెట్టికి పోవలసిందే. పంతులు కలం పట్టుకుని ఆమె ముందు కూర్చున్న రోజు నాకు కళ్లకు కట్టినట్టుంది.

"అవ్వా, నీ పేరేంది?"

"పెంటి."

"అది ఊరోల్లు పిలుస్తరు. మీ అమ్మ ఏమని పిలిచేది?"

"పెంటమ్మ. నా ముందు ముగ్గురు పుట్టి పోయిన్రట. నన్నన్న దక్కనియ్యమని పెంట మీద ఏసి తీసుకున్నరట. ఆ పేరు బాగుండదని దొరలు వేరే పేరు పెడ్తరంట గద?"

"ఎందుకు బాగుండది? నువ్వు బతకాలని మీ అమ్మ పెట్టుకున్న పేరు. గదే ఉండనీ."

పెంటమ్మ గారు, భర్త నర్సయ్య గారు అని రాశాడు. పుస్తకం ఆమె వైపు తిప్పి, "ఇగో, గిది నువ్వు" అని వేలు పెట్టి చూపించాడు. చదువు రాని మా అవ్వ ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. తడి సిరా అంటుకుని పేరు చివర కొంచెం అలుక్కుపోయింది. ఆ రోజంతా ఆమె ఆ వేలు కడుక్కోలేదు.

పంతులు చేసిన పొరపాటు ఒకటుంది. మంచి మనసుతోనే చేశాడు. పైన దేవుడి దగ్గర ఒక పేర్ల పుస్తకం ఉంటుందని, మన రిజిస్టరు దానికి నకలని ఆదివారం ఆదివారం చెప్పేవాడు. "ఈడ రాసినమంటే ఆడ రాసినట్టే" అనేవాడు. కచేరీల చుట్టూ తిరిగి నకళ్లంటే ఏమిటో తెలిసిన జనం. ఉన్నదున్నట్టు నమ్మారు.

నాకు పద్నాలుగో ఏట బాప్తిస్మం అయింది. వాగు మడుగులో దొర నన్ను ముంచితే చెయ్యి పట్టుకుని పైకి లేపింది పంతులే. బాలమ్మ గారు, తండ్రి చెన్నయ్య గారు అని అదే రోజు రాశాడు. అప్పటికి కరువు. బాపు, అమ్మ నందికొండ ఆనకట్ట పనికి రాళ్లు మోయడానికి పోయారు. మా వాడ సగం అక్కడే ఉంది. నేను అవ్వ దగ్గర ఉండి ఏడో తరగతి పాసయ్యాను. మా ఊళ్లో ఆపై చదువు లేదు. పాలమూరులో హరిజన ఆడపిల్లల హాస్టల్లో సీటు కోసం పంతులే నాలుగుసార్లు తిరిగి తెచ్చాడు. ఆ సీటు లేకపోతే నేనూ నందికొండకు తట్ట పట్టుకుని పోవలసిందే.

అప్పుడు పట్టేలు తన మాట అన్నాడు. కాగితం మీద అన్నాడు. ఈ పిల్ల కిరస్తానీ, హరిజనులకిచ్చే సీటు ఈమెకు చెల్లదు అని అర్జీ పెట్టాడు. మతం మారినవాళ్లకు ఆ సౌకర్యాలు లేవని సర్కారు రూలు. విచారణకు రేపు రెవిన్యూ గిర్దావరు వస్తాడని, చర్చి రిజిస్టరు చూస్తాడని కచేరీ నుంచి కబురొచ్చింది. దొర ఎండాకాలమని కొండలకు పోయి ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం పంతులు రేకు పెట్టె పట్టుకుని మా గుడిసెకు వచ్చాడు. నేను పొయ్యి మీద జొన్న గటక పెట్టి ఉన్నాను. ఆయన పక్కన గొంతుక్కూర్చుని రిజిస్టరు తీశాడు. మొదటి పేజీ పైకి చదివాడు, ఒక్కో పేరూ, గారుతో సహా. తర్వాత కళ్లు మూసుకుని అదే పేజీ చూడకుండా చెప్పాడు. చించి నాకిచ్చాడు.

"పొయ్యిల పెట్టు బిడ్డా."

నాకు భయమేసింది. "నాదొక్కటి చింపితే సాలదా పంతులూ?"

"నీదొక్కటి చింపితే నువ్వొక్కదానివే పోయినట్టయితది. పోతే అందరియి పోవాలె."

పేజీ తర్వాత పేజీ. నా పేరున్న పేజీ కూడా నా చేత్తోనే పెట్టాను. సిరా కాలే వాసన అప్పటిదాకా నాకు తెలియదు. సగం అయ్యేసరికి అవ్వ కూలి నుంచి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఏం కాయితాలు పంతులూ?" అంది. ఆయన అబద్ధం చెప్పలేదు.

"పేర్ల బుక్కు అవ్వా."

"అండ్ల నాదున్నది గద?"

"ఉన్నది."

"కాలవెడ్తున్నవా?"

"నీ మనుమరాలు సదువుతది."

అవ్వ గోడకానుకుని కూర్చుంది. పుస్తకం అయిపోయాక గటక ఉడికింది. ఆ మంట మీద ఉడికిన గటక ఆమె తినలేదు. తెల్లారిందాకా మంచినీళ్లు కూడా తాగలేదు. నేను తిన్నాను. ఆకలేసింది, తిన్నాను.

మర్నాడు గిర్దావరు చర్చి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, మెత్తని మాట. రిజిస్టరు లేదని పంతులు చెబితే అతను ఆయన చేతివేళ్ల మసి వైపు చూశాడు.

"ఉపదేశి సాబ్, రిజిస్టర్ లేకున్న ఫికర్ లేదు. మీ జబాన్ సాలు. మీరు ఝూటా చెప్పరని ఊరంత అంటరు. గీ పిల్లకు మీ బాప్తిస్మం అయిందా, కాలేదా?"

వాడంతా అక్కడే ఉంది. పట్టేలు కూడా వచ్చాడు. నేను పంతులు పక్కనే నిలబడ్డాను. ఆయన కాళ్లకు ఆ రోజు చెప్పులున్నాయో లేవో చూడలేదు.

"కాలేదు సాబ్" అన్నాడు.

గిర్దావరు రాసుకుని లేచిపోయాడు. నా సీటు నాకు మిగిలింది. నేను సంతోషించాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు కాదనను.

వాడ మాత్రం అట్టుడికిపోయింది. ఆదివారం పెద్ద సాయన్న ప్రార్థన మధ్యలో లేచి నిలబడ్డాడు. "ఈడ కాలితే ఆడ కాలినట్టే గద పంతులూ? నువ్వే చెప్తివి. మమ్ముల ఒక్క మాట అడిగినవా?" అన్నాడు. పంతులు "అడగలే" అన్నాడు. పైన పుస్తకం వేరు, దాన్ని ఎవరూ కాల్చలేరు అని తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. నకలు మాట అంత లోతుగా దిగింది. రెండు కుటుంబాలు మళ్లీ ముంచమని పట్టుబట్టి వేరే ఊరి సంఘానికి పోయాయి. కొందరు నందికొండకు పోయి తిరిగి రాలేదు. గుట్ట మీద నుంచి రాళ్లు మోసినవాళ్లలో సగంమంది ఆ రాళ్ల మధ్యకు రావడం మానేశారు.

వానలు పడ్డాక దొర దిగివచ్చి రిజిస్టరు అడిగాడు. నిజం చెబితే దొర సర్కారుకు నిజమే రాయాల్సి వస్తుంది. అందుకని పంతులు "చెదలు తిన్నయి అయ్యగారూ" అన్నాడు. దొర ఆయన్ని పని నుంచి తీసేశాడు. పేర్లు కాపాడలేనివాడు మందను ఏం కాపాడతాడన్నాడట. ఆ చెదల మాటే ఇన్నేళ్ల తర్వాత పుస్తకంలోకెక్కింది. ఆ రోజు నుంచి పంతులు రొట్టె, రసం ముట్టలేదు. బల్ల ఇచ్చే ఆదివారం గుమ్మం బయట కూర్చునేవాడు. పిలిస్తే, "నాకు ఆ మొఖం లేదు" అనేవాడు.

ఆ చలికాలం అవ్వ మంచాన పడింది. నేను హాస్టలు నుంచి వచ్చేసరికి గొంతు మాత్రమే మిగిలింది. పంతుల్ని పిలవమంది. ఆయన వచ్చి కింద కూర్చుంటే, "నా పేరు పోయింది గద" అంది. కోపంగా అనలేదు. పోయిన మేకను గురించి అడిగినట్టు అడిగింది.

పంతులు చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ, మొదటి పేరు. ఎక్కడా తడుముకోలేదు. ఇంటి వరస ప్రకారం పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు. మా ఇంటికొచ్చేసరికి కొంచెం ఆగి, "పెంటమ్మ గారు, భర్త నర్సయ్య గారు" అన్నాడు. అవ్వ కళ్లు మూసుకుంది. "ఇంకోపాలి" అంది. మళ్లీ చెప్పాడు. రెండు రోజులకు ఆమె పోయింది.

ఆ సంగతి వాడలో పాకింది. జబ్బు పడ్డవాళ్లు కబురు పెట్టడం మొదలుపెట్టారు. పెద్ద సాయన్న కూడా పోయేముందు పెట్టాడు. పంతులు పోయి మంచం పక్కన కూర్చుని పేర్లన్నీ చెప్పేవాడు. చర్చిలో కూడా చెప్పబోతే కొత్త పాస్టరు ఇది బడి హాజరు కాదని ఆపించాడు. అప్పటినుంచి నడుస్తూ చెప్పుకునేవాడు. గొడుగు ఊపుకుంటూ అంగడి బజారు గుండా, పట్టేలు ఇంటి ముందు నుంచి, ఫలానా గారు, ఫలానా గారు అనుకుంటూ పోయేవాడు. పిల్లలు వెంటబడి పేర్ల పంతులు అని ఏడిపించేవాళ్లు. బీడీలు చుట్టి పొట్ట పోసుకున్నాడు. నేను సెలవులకు వచ్చి ఎదురుపడితే, "సదువుతున్నవా? సాలు" అని దాటిపోయేవాడు. నా వల్లనే ఇదంతా అని ఒక్కసారన్నా నొప్పించి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

చదివాను. ట్రైనింగ్ అయ్యాను. ఆ విచారణతో నిలిచిన హరిజన సర్టిఫికెట్టు మీదే కొల్లాపూర్ బళ్లో ఉద్యోగం వచ్చింది. సర్వీసు పుస్తకంలో మతం దగ్గర ఏం రాయాలో అదే, హిందూ అని రాశాను. ఎవరైనా అర్జీ పెడతారని భయం. ఆదివారాలు గది తలుపు వేసుకుని బట్టలు ఉతుక్కునేదాన్ని. పాట కూడా పాడేదాన్ని కాదు.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట పంతులు పాలమూరు దవాఖానలో ఉన్నాడని తెలిసింది. ఊపిరితిత్తులు. బత్తాయిలు కొనుక్కుని పోయాను. జనరల్ వార్డులో కిటికీ పక్క మంచం. బొమికలు తప్ప ఏమీ లేదు. నన్ను చూసి, "వచ్చినవా బిడ్డా" అన్నాడు. కూర్చున్నానో లేదో వెనక నుంచి "బాలమ్మా, నువ్వేంటి ఇక్కడ?" అని వినబడింది. మా హెడ్మాస్టరు. ఆయన మామగారు అదే వార్డులో ఉన్నాడట. స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు.

"ఎవరమ్మా, మీ చుట్టాలా?"

"కాదు సార్. మా ఊరాయన."

పంతులు విన్నాడు. కళ్లు మూసుకుని పేర్లు మొదలుపెట్టాడు. అప్పుడప్పుడు ఆగి ఊపిరి తీసుకుంటూ ఇంటింటికీ వచ్చాడు. నందికొండలో పోయినవాళ్లు, వేరే ఊరికి పోయినవాళ్లు, అందరూ వచ్చారు. మా ఇల్లు వచ్చింది. పెంటమ్మ గారు, భర్త నర్సయ్య గారు. చెన్నయ్య గారు, తండ్రి నర్సయ్య గారు. లక్ష్మమ్మ గారు, భర్త చెన్నయ్య గారు. తర్వాత నా పేరు రావాలి. ఆయన కళ్లు తెరిచి హెడ్మాస్టరు వైపు చూశాడు. నా వైపు చూశాడు. పక్కింటి పేర్లలోకి పోయాడు.

"ఏంటమ్మా ఈ పేర్లు?" అన్నాడు హెడ్మాస్టరు నెమ్మదిగా.

"ముసలితనం సార్. ఏదో గొణుగుతాడు" అన్నాను.

పంతులు చివరిదాకా చెప్పి ఆయాసపడ్డాడు. అన్నేళ్లలో ఆయన ఎవరినీ అడగని మాట నన్ను అడిగాడు.

"ఎవలన్న తప్పిపోయిన్రా బిడ్డా?"

జబ్బు మనిషి నా పేరు నిజంగానే మర్చిపోయాడా, పక్కన ఉన్న మనిషిని చూసి నన్ను మళ్లీ కాపాడాడా, నాకు తెలియదు. మర్చిపోయి ఉంటే గుర్తుచేయమని అడుగుతున్నాడు. కావాలని వదిలి ఉంటే, చెప్పుకుంటావా అని అడుగుతున్నాడు. ఎటు చూసినా నేను చెప్పవలసింది ఒక్కటే, నా పేరు. హెడ్మాస్టరు మోచెయ్యి నా మోచేతికి తగులుతోంది.

"ఎవ్వరు తప్పలే పంతులూ. అందరొచ్చిన్రు" అన్నాను.

"మంచిగైంది" అన్నాడాయన.